లాగి పరిచిన గొలుసు

ఆమెకి గొలుసమ్మ అని పేరు పెట్టింది బావ. మెడలో బంగారం ఉండి కాదు, పది మీటర్ల ఇనుప గొలుసు భుజాన వేసుకుని సముద్రంలోకి దూకుతుంది గనక.

నీళ్ల అడుగున పగడపు బండలు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో కొలవడం ఆమె ఉద్యోగం. గొలుసుని బండ మీద పరవాలి. గుంట వచ్చిన ప్రతిచోటా వేలితో లోపలికి నొక్కాలి. తర్వాత పక్కనే టేపు పట్టి, గొలుసు ఎంత దూరం సాగిందో చూడాలి. నున్నటి బండైతే పదికి పదీ వస్తుంది. గుంటలూ చీలికలూ ఉంటే ఐదారు మీటర్లకే అయిపోతుంది. అంకె ఎంత తగ్గితే చేపలకి అంత ఎక్కువ ఇళ్లున్నట్టు. వేలెడు చేప వేలెడు కన్నంలో దాక్కుంటుంది, మూరెడు చేపకి మూరెడు గుహ కావాలి. అన్ని సైజుల కన్నాలూ ఉన్నచోటే అన్ని రకాల ప్రాణులూ బతుకుతాయని ఆమెకి నేర్పింది బాబాయి. కొలతల బృందానికి పెద్ద ఆయనే. అన్న కూతుర్ని పనిలో పెట్టుకున్నాడని నలుగురూ నాలుగు మాటలన్నా, “దాని చెయ్యి చూసి తీసుకున్నా” అని అందరి నోళ్లూ మూయించాడు.

పోయిన నెల రేవు ఆఫీసువాళ్లు రెండు బండలు కొలిచిమ్మన్నారు. కొత్త జెట్టీ కోసం అందులో ఒకదాన్ని రాళ్లతో పూడ్చాలట. జీవం తక్కువున్నదాన్నే పూడుస్తామని, చేపలు లెక్కపెట్టే తీరిక లేదు, గొలుసు కొలత చాలని అన్నారు. పడమటి బండని ఆమె బుద్ధిగానే కొలిచింది. తూర్పు బండ దగ్గరికొచ్చేసరికి అది ఆ రోజు నాలుగో మునక. వేళ్లు చలికి కొయ్యబారిపోయాయి. గుంటల్లో ముళ్లుండే ప్రాణులుంటాయి, చెయ్యి పెట్టాలంటే నిదానం కావాలి. ఆ నిదానం లేక, గొలుసుని గుంటల పైనుంచి బిగించి లాగి, పగడాల కొనల మీద పరిచి మమ అనిపించింది. తొమ్మిది మీటర్లు అని పలక మీద రాసుకుని పైకొచ్చి వేడి టీ తాగింది. సిగ్గులేని టీ, బాగుంది కూడా.

ఈ శుక్రవారం పొద్దున బావ పడవ ఇంజను ఆపి ఆమె వైపు తిరిగాడు. అక్క మొగుడు, వాళ్ల పడవ నడిపేది అతనే.

“ఏమ్మా గొలుసమ్మా, తూర్పు బండ నున్నగా ఉందని రాశారంట? నా లంగర్లు రెండు మింగేసింది కదే అది! నా బట్టతల కంటే నున్నగా ఉందా?”

ఆమె నవ్వబోయింది. మొహం సహకరించలేదు.

“సరేలే, మీ బాబాయి సంతకం పెట్టాడంటే సరిగ్గానే ఉంటుంది. సోమవారం నుంచి దాని మీదే రాళ్లు పోస్తారంట.”

చెబితే బాబాయి పరువు పోతుంది. చెప్పకపోతే ఆ కన్నాల్లో ఉన్నవన్నీ రాళ్ల కింద పోతాయి. రెండిటికీ కారణం తన బద్ధకమే. తనంటే తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం డైవింగు సూట్లు ఆరేసే గదిలో బాబాయి గాలి సిలిండర్లు సర్దుతున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

“బాబాయ్, తూర్పు బండ నేను సరిగ్గా కొలవలేదు.”

“సరిగ్గా అంటే?”

“గుంటల్లోకి నొక్కలేదు. పైపైన లాగి పరిచేశాను.”

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతులు తుడుచుకుని రేవు ఇంజనీరుకి ఫోను చేశాడు.

“తూర్పు బండ కొలత తప్పండి. సంతకం నాది, తప్పూ నాదే. మళ్లీ కొలిచేదాకా ఒక్క రాయి కూడా వెయ్యొద్దు... అవునండీ... క్షమించండి... అవునండీ.”

అవతలివాడు చాలాసేపు చివాట్లు పెట్టాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఎవరినైనా క్షమించమనడం ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. నేల చూస్తూ నిలబడింది.

“ఆపుతామన్నారు. రేపు నేనే దిగుతా,” అని ఫోను బల్ల మీద పెట్టాడు.

ఆమెకి ఒక్కసారిగా ఊపిరాడింది. ఆయన్ని అన్ని మాటలు పడనిచ్చి తను తేలిక పడుతున్నందుకు మళ్లీ సిగ్గేసింది.

బాబాయి స్టూలు మీద కూర్చుని కళ్లజోడు తీశాడు.

“చెప్పావు, మంచిదేనమ్మా. ఇలా పరిచింది ఇదొక్కటేనా?”

అవునంటే నమ్మేవాడు. నమ్మడానికి సిద్ధంగా, కాస్త ఆశగా కూడా చూస్తున్నాడు.

“కాదు బాబాయ్. నిరుడు చలికాలంలో ఉత్తరపు బండ కూడా.”

బాబాయి చెయ్యి మళ్లీ ఫోను దాకా వెళ్లింది. కానీ తియ్యలేదు. ఆ కొలత చూసి అప్పుడే పూడ్చేసిన ఉత్తరపు బండ మీద ఆరు నెలలుగా లారీలు తిరుగుతున్నాయి.