ఉంగరపు కణాలు

ఆ ల్యాబులో పెద్ద మైక్రోస్కోపు ఒకటే ఉంది. ఒకే స్లైడును ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూసేలా దాన్ని తయారుచేశారు. కొన్నవాళ్ళు సౌకర్యమనుకున్నారు గాని, అక్కడ పనిచేసే వదినా ఆడపడుచులకు అది రోజూ ఒకరి మొహం ఒకరు చూడక తప్పని శిక్ష అయింది.

ఇద్దరూ పాథాలజీ డాక్టర్లే. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను పల్చగా కోయించి, రంగు వేయించి, అందులోవి ఏ రకం కణాలో, వాటికేం రోగమొచ్చిందో తేల్చడం వాళ్ళ పని. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం పంపేది పై అంతస్తులోని సర్జను. ఆయన ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న. ల్యాబుకు పెద్దగా వదినను వేసినప్పుడు అన్నయ్యే వెనకనుండి చక్రం తిప్పాడని చెల్లెలి గట్టి నమ్మకం. ఆ పదవి తనకు రావలసిందన్న మంట ఆమెలో ఇంకా ఆరలేదు.

ఆ వారం ఒక బస్సు డ్రైవరు కడుపులోంచి తీసిన ముక్క వచ్చింది. వదిన చూసి, కాన్సరని రాసి పైకి పంపేసింది. కణం నిండా జిగురు పేరుకుపోయి, కేంద్రకం ఓ పక్కకు ఒరిగి, రాయి పొదిగిన ఉంగరంలా కనబడే కాన్సరు కణాలుంటాయి. అవే ఇవని ఆమె తీర్మానం. సర్జను ఆపరేషనుకు రోజు కూడా ఖాయం చేశాడు.

మర్నాడు ఆడపడుచు ఆ స్లైడును మళ్ళీ పెట్టింది.

"వీటిని ఉంగరపు కణాలని ఎలా రాశారు?" అంది, తలెత్తకుండానే.

"కళ్ళున్నవాళ్ళకి కనిపిస్తాయి."

"ఇవి భక్షక కణాలు వదినా. చెత్తా చెదారం మింగి శుభ్రం చేసేవి. కొవ్వు తిని ఇలా ఉబ్బాయి. కేంద్రకం నడిమధ్యనే ఉంది చూడండి. లోపలున్నది నురుగు, జిగురు కాదు. వీటివల్ల మనిషికేం కాదు."

"నాకు పాఠం చెప్తున్నావా?"

"చెప్పాల్సొస్తోంది."

వదిన కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నీకు రోగి మీద జాలి కాదు. నా తప్పు పట్టుకోవాలి, అంతే. ఇంట్లో చేసేది చాలక ఇక్కడ కూడా."

ఆడపడుచు టెక్నీషియన్‌ను పిలిచి, జిగురును మాత్రమే ఎర్రగా చూపించే రంగు, ఆ ముక్కలోంచే కోసిన ఇంకో పొరకు వేయమంది. అది తయారయ్యేదాకా ఆగి ఉంటే బాగుండేది. మెట్ల దగ్గర డ్రైవరు భార్య చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ కనిపించింది.

"ఏడవకండమ్మా," అంది ఆడపడుచు. "మీ ఆయనకి కాన్సరు కాదు. పెద్ద డాక్టరుగారు పొరబడ్డారు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమెకు నోరంతా తీపెక్కినట్టయింది.

సాయంత్రానికి రంగు వేసిన స్లైడు వచ్చింది. ఆమె ఊహించినట్టే ఆ ఉబ్బిన కణాల్లో ఒక్కటీ ఎర్రబడలేదు. వెంటనే అన్నయ్యను కిందికి పిలిపించింది.

"చూడు అన్నయ్యా. జిగురు చుక్క కూడా లేదు. వీటిని చూసి ఒక మనిషి కడుపు కోయబోయారు."

ఆయన ఒకసారి మైక్రోస్కోపులోకి, ఒకసారి భార్య వైపు చూశాడు. వదిన వచ్చి ఎదురుగా కూర్చుని, స్లైడును నెమ్మదిగా జరుపుతూ పోయింది. ఒక మూలకు వచ్చాక చెయ్యి ఆపింది.

"దీన్నేమంటావు?"

రెండు గ్రంథుల సందులో నాలుగైదు కణాలు నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. కేంద్రకాలు అంచుకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇంతకీ ఉందా, లేదా? ఒక్క మాట తేల్చండి," అన్నాడు సర్జను.

"ఉంది," అంది ఆడపడుచు. "వదిన చెప్పిన కణాలు మాత్రం ఇవి కావు. ఇవి నిన్న మీరు కూడా చూడలేదు వదినా. చూసుంటే నాతో అప్పుడే అనేవారు."

"చచ్చినా ఒప్పుకోదు," అంది వదిన మొగుడితో. అయితే చూశానని మాత్రం అనలేదు.

ఇంతలో డ్రైవరు భార్య గుమ్మంలోకి వచ్చింది. "సార్, చిన్న డాక్టరమ్మ కాన్సరు కాదన్నారు. మేం ఇంటికెళ్ళిపోవచ్చాండీ?"

సర్జను ఆమెను వార్డులో ఉండమని పంపి, చెల్లెలి వైపు తిరిగాడు. ఆయనకంటే ముందు వదినే అందుకుంది.

"రంగు వెయ్యకముందే తీర్పు చెప్పేశావన్నమాట. చెప్పిన నోటితోనే వెళ్ళి మళ్ళీ చెప్పు. నీ బదులు ఎవరూ వెళ్ళరు."

ఆడపడుచు లేచి మెట్లెక్కింది.

వార్డులో డ్రైవరు మంచం మీద చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. ఆడపడుచు నిలబడే చెప్పింది. "అక్కడ రెండు రకాల కణాలున్నాయండీ. ఎక్కువగా ఉన్నవి హాని లేనివి. నేను వాటిని చూసే మాట్లాడాను. వాటి పక్కనే కొన్ని చెడ్డవి దాక్కున్నాయి. ఆపరేషను చేయించుకోవాలి."

"ఈ మాటన్నా ఖాయమేనా?" అన్నాడతను.

"ఖాయం."

అతని భార్య ఆమె మొహంలోకి నేరుగా చూసింది. "పొద్దున కూడా ఇంత ఖాయంగానే చెప్పారు. పిల్లలకి ఫోన్ చేసి, నాన్నకేం లేదని చెప్పేశాను. పెద్దావిడ పొరబడ్డారని నవ్వుతూ చెప్పారు నాకు. మీకూ మీకూ పడకపోతే మీరూ మీరూ చూసుకోండమ్మా. మధ్యలో మా ప్రాణాలెందుకు?"

ఆడపడుచు తలొంచుకుని వచ్చేసింది. నవ్వానా అని మెట్లు దిగుతూ తనను తాను అడిగింది. నవ్వే ఉంటుంది.

వదిన రిపోర్టు తిరగరాసింది. భక్షక కణాలు, వాటి పక్కన కాన్సరు కణాలు, రెండూ ఉన్నాయని రాసి కాగితాన్ని బల్ల మీద ఆడపడుచు వైపు తోసింది.

"భక్షక కణాలని ఒప్పుకున్నారే."

"రంగు చూపించింది కాబట్టి రాశాను. నువ్వు చెప్పావని కాదు."

ఆడపడుచు పెదవి బిగించి తన సంతకం పెట్టింది.

ఆపరేషన్లో తీసిన కడుపు భాగం స్లైడులుగా మారి ల్యాబుకు వచ్చిన రోజున ఇద్దరూ మళ్ళీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఈసారి ప్రతి స్లైడునూ ఈ అంచునుండి ఆ అంచుదాకా ఇద్దరూ చూశారు. ఒకరు తొందరపడితే రెండోవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"కాన్సరు కడుపు లోపలి పొర దాటలేదు," అంది వదిన చివరికి.

"దాటలేదు," అంది ఆడపడుచు.

డ్రైవరు బతుకుతాడు. ఆ మాట వాళ్ళిద్దరిలో ఎవరూ పైకి అనలేదు. వదిన ఫోన్ తీసి మొగుడికి కబురు చెప్పింది. చెప్పేటప్పుడు "నేను చూశాను" అంది గాని "మేం చూశాం" అనలేదు. ఆడపడుచు అది విని, విననట్టే తరువాతి కేసు ట్రే తన వైపు లాక్కుంది.