తపేలా పక్క కుర్చీ

అన్న చొక్కా ఇస్త్రీ అయ్యేదాకా థోవా చొక్కాకి వంతు రాలేదు. "నీ ఇంటర్వ్యూ తొమ్మిదింటికి కదే, నా డ్యూటీ ఎనిమిదింటికి" అన్నాడు వాడు పళ్ళు తోముకుంటూ. ఆమె తన చొక్కా పట్టుకుని పక్కన నిలబడింది. లేచిన దగ్గర్నుంచీ నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. వియత్నాంలోని హైఫాంగ్ ఊరిచివర పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం ఒకే ఒక్కటి. అది రాకపోతే మేనత్త బట్టల కొట్లో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు. "ఆడపిల్లకి ఆ గ్రీజు మురికెందుకమ్మా? కొట్లో అయితే నీడపట్టున ఉంటావు" అంది అమ్మ, కూతురు ఇన్నేళ్ళూ చదివింది ఆ మురికినేనన్న సంగతి ఎరగనట్టు.

చివరిదాకా మిగిలింది ఇద్దరే, తనూ, తన కాలేజీలోనే చదివిన ఖాయ్. చీఫ్ ఇంజనీరు బాక్ నవ్వుమొహం మనిషి, ఫ్యాక్టరీలో అందరికీ అన్నయ్యే. ఖాయ్‌ని "ఇంతవరకూ ఎన్ని పంపులు విప్పావు తమ్ముడూ?" అని అడిగాడు. ఆమెవైపు తిరిగి, "పెళ్ళెప్పుడు చెల్లెమ్మా? చేరీ చేరగానే కాన్పు సెలవంటూ వెళ్ళిపోవు కదా?" అన్నాడు. పక్కనున్న ఇంజనీర్లు నవ్వారు. థోవా కూడా నవ్వింది. నవ్వినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. కానీ నవ్వకపోతే ఏమవుతుందోనన్న భయం ఆ మంటకంటే పెద్దది.

తర్వాత షెడ్డులోకి తీసుకెళ్ళి, గులకరాళ్ళు నములుతున్నట్టు గరగరలాడుతున్న పంపొకటి చూపించాడు బాక్. "ఎందుకలా అరుస్తోందో ఆలోచించి పెట్టుకోండి. భోజనాల దగ్గర అడుగుతా. అసలు పరీక్ష అదే." థోవా పంపులోకి నీళ్ళు వచ్చే గొట్టం మీద చెయ్యి వేసి చూసింది, వంగి దాని మీటరు చూసింది. తెలిసిపోయింది. తెలిశాక భయం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది. ఇప్పుడిక పోగొట్టుకోవడానికి చేతిలో ఏదో ఉంది.

క్యాంటీన్లో అందరూ సర్దుకుని కూర్చునేసరికి అన్నం తపేలా పక్క కుర్చీ ఒక్కటే ఖాళీగా మిగిలింది. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. ఇంట్లోనూ అంతే, గరిటె పట్టడం వచ్చినప్పటినుంచీ ఆమె చోటదే. "తపేలా దగ్గర కూర్చున్న పిల్ల చూపు పెద్దవాళ్ళ గిన్నెల మీదుండాలే, తన గిన్నె మీద కాదు" అనేది నాయనమ్మ. థోవా చేతులు వాటంతటవే కదిలాయి. అందరికీ వడ్డించి, "తినండన్నయ్యా, తినండన్నయ్యా" అంటూ వరసగా ఒక్కొక్కరికీ చెప్పి, తను తూటికూర రెండు కాడలు వేసుకుంది.

"ఊఁ, చెప్పండి. పంపు సంగతేంటి?" అన్నాడు బాక్.

ఆమె నోరు తెరిచింది. ఎదురుగా ఉన్నాయన గిన్నె చాపాడు. అందుకుని, అన్నం పెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేసరికి ఖాయ్ మాట అందుకున్నాడు. "బేరింగు పోయిందన్నయ్యా. మార్చేస్తే సరి." కాదు, కాదు అని థోవా గుండె కొట్టుకుంటోంది. మళ్ళీ నోరు తెరిచింది, ఇంకో గిన్నె వచ్చింది. బాక్ తల ఊపుతున్నాడు. బేరింగు విప్పడానికి ఎంతసేపు పడుతుందో చెబుతున్నాడు ఖాయ్. ఇలాగే భోజనం అయిపోతుంది, ఇలాగే బస్సెక్కుతాను, రేపు అత్త కొట్లో బట్టలకి ధరల చీటీలు అతికిస్తూ సరైన జవాబు నాలో నేనే చెప్పుకుంటాను, అనుకుంది. ఇప్పుడు అడ్డుపడితే పెంకి పిల్ల అంటారు. ఊరుకుంటే మంచి పిల్ల అంటారు, ఉద్యోగం ఖాయ్‌కి ఇస్తారు.

ఖాయ్ మాట ఆపకుండానే, ఆమెవైపు చూడకుండానే, తన గిన్నె చాపాడు. "థోవా, నాక్కూడా కాస్త."

ఆమె గరిటె తపేలాలో పెట్టి, తపేలాని రెండు చేతులతో ఎత్తి ఖాయ్ ముందు దించింది. గరిటె గలగలమంది. బాక్ ఖాళీ గిన్నె చాపి అలాగే ఉండిపోయాడు. థోవా దాన్ని అందుకోలేదు. భయంతో కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి.

"నువ్వు వడ్డించు ఖాయ్" అంది. తర్వాత బాక్ వైపు తిరిగింది. "బేరింగు బాగానే ఉందన్నయ్యా. ఆ పంపుకి నీళ్ళు అందట్లేదు. ఎందుకో నేను చెప్తాను, వినండి."