ఎత్తు సందులో ఇల్లుబండి

ఆమె దర్జీ. ఇన్నేళ్ళూ కుట్టుమిషను తొక్కిన కాళ్ళు ఇప్పుడు క్లచ్చూ బ్రేకూ తొక్కుతున్నాయి. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ లోపలే ఉన్న పెద్ద వ్యాను అది. మొగుడూ పెళ్ళాలు దాన్ని ఇల్లుబండి అనేవారు. ఊళ్ళు తిరుగుతుండగా సగం దారిలో, అప్పటిదాకా బండి నడిపిన భర్త చెయ్యి బెణికింది.

"వెనక్కి పోదామా?" అన్నాడాయన.

"లైసెన్సు నాకూ ఉంది. బీరువాలో దాచుకోడానికా తీసుకుంది?" అంటూ ఆమె స్టీరింగు ముందు కూర్చుంది.

కొండ మలుపు తిరగగానే కింద సముద్రం, ఒడ్డున రంగురంగుల పడవలు, వాటి మీద గోల చేస్తున్న పక్షులు కనిపించాయి. రేవుకి దారి ఒక్కటే: ఇళ్ళ మధ్య నిటారుగా దిగే ఇరుకు సందు. సగం దిగారో లేదో, చేపల లారీ ఎదురొచ్చింది.

"అక్కా, నిండు లోడు!" అని అరిచాడు లారీ డ్రైవరు. "నేను వెనక్కి దిగితే చేపలన్నీ మళ్ళీ సముద్రంలోకే!"

అంటే ఎత్తు మీదికి వెనక్కి వెళ్ళాల్సింది తనే. గుమ్మాల్లోంచి జనం వచ్చారు. ఒకరు కుడికనీ, ఇంకొకరు ఎడమకనీ కేకలు. పక్కన భర్త ముళ్ళ మీద కూర్చున్నట్టున్నాడు. "గోడ! గోడ!"

ఆమె హ్యాండుబ్రేకు లాగింది. "మీరు దిగండి."

"దిగి?"

"ఆ అరుగు మీద కూర్చోండి. నోరు మూసుకుని కూర్చుంటే మరీ మంచిది."

ఇంత గొడవలోనూ ఒక ముసలామె మాట్లాడకుండా వల కుట్టుకుంటోంది. దర్జీ కళ్ళు ఆమె మీద పడ్డాయి.

"పెద్దమ్మా, నువ్వొక్కదానివే చెప్పు. మిగతావాళ్ళ మాట నాకు వినపడదు."

"బండ్ల సంగతి నాకేం తెలుసమ్మా?"

"గోడకీ బండికీ మధ్య నీ చెయ్యి పడుతుందో లేదో చెప్పు, చాలు."

వలావిడ లేచి కొంగు దోపుకుంది. "పడుతుంది... పడుతుంది... వేళ్ళే పడుతున్నాయి, ఆగు!"

దర్జీ ఆగింది, చక్రం కాస్త తిప్పింది, మళ్ళీ వెనక్కి పోనిచ్చింది. కాలరు వంపు కుట్టినట్టే, తొందరపడితే పని చెడుతుంది. ఒక పూలకుండీ మాత్రం బలైపోయింది. "పోతే పోయింది, కానియ్యి!" అంది ఇంటావిడ. చివరికి బండి పైకి చేరింది. లారీ డ్రైవరు దండం పెట్టి, హారను మోగిస్తూ వెళ్ళిపోయాడు.

భర్త ఎక్కి కూర్చున్నాడు. "నీవల్ల అవుతుందని చెబుతూనే ఉన్నా."

"ఎవరితో?"

"మనసులో."

ఆమె పకపకా నవ్వి, అదే సందులో రేవు దాకా దించింది. తలుపు తీస్తే గుమ్మంలోనే సముద్రం. సాయంత్రం వలావిడ వచ్చింది. పొయ్యి వెలిగించి ఆర్పింది, పరుపు నొక్కి చూసింది, చివరికి స్టీరింగు ముందు సీట్లో కూర్చుంది.

"పుట్టినప్పట్నుంచీ ఈ నీళ్ళ పక్కనే ఉన్నా. ఇలా బండిలో కూర్చుని ఎప్పుడూ చూళ్ళేదే!"

"ఒడ్డు వెంబడి ఓ చుట్టు తిరిగొద్దామా?"

"అడగాలా అమ్మా? పోనియ్యి!" అంటూ వలావిడ పక్క సీట్లోకి జరిగింది. దర్జీ తాళం తిప్పింది.