పాలమీగడ రంగు పద్మిని

మా చిన్నాయన కొడుకు దశరథ్‌ను నేను క్షమించలేదు. క్షమించమని పాస్టరు గారు రెండు ఆదివారాలు వాక్యం చెప్పారు, నా వైపే చూస్తూ చెప్పారు. చెప్పనీ. ఆయనకు బండి లేదు.

నేను ఏడో తరగతి దాటలేదు. మీసాలు రాకముందే లారీ ఎక్కిన వాణ్ణి, ఇప్పటికీ చిట్యాలలో సిమెంటు లారీ నడుపుతాను. అది కడుపు కోసం. నా కోసం నడుపుకునేది ఒకటి ఉండాలని ఎప్పటినుంచో కోరిక. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నకిరేకల్‌లో ఒక డాక్టరు గారి షెడ్డులో పాత ప్రీమియర్ పద్మిని కారు కనబడింది. టైర్లు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. వెనక సీటులో కోడి పొదుగుతోంది. పాత ఇనుము కొట్టుకు వేస్తామని డాక్టరు గారి కొడుకు అన్నాడు. నేనే కొన్నాను.

హైవే పక్కన టింకరింగ్ షెడ్డు నడిపే ఫక్రుద్దీన్ నా దోస్తు. ట్రాక్టరు మీద తెచ్చిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏసోబు భాయ్, గిది కారు కాదు, జల్లెడ. భాభీకి ఇయ్యి, పిండి జల్లిస్తది," అన్నాడు. అంటూనే సుత్తె తీశాడు.

అప్పటినుంచి ఆదివారం పొద్దున చర్చి, ఆ తరువాత షెడ్డు. తుప్పు గోకడం, డోర్లకు రేకు అతకడం, కార్బొరేటరు విప్పి కిరసనాయిలులో కడగడం. ఒక్క హ్యాండిల్ కోసం హైదరాబాదులో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, అది దొరికితే బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పక్కనాయన అదేదో బంగారమనుకున్నాడు. నా భార్య మెర్సీ టిఫిను డబ్బా తెచ్చి బండి కిందికి వంగి, "ఏమయ్యా, కాళ్లే కనబడతున్నయి, మిగిలిన మనిషి ఉన్నడా?" అనేది. నేను బండి కిందే నవ్వుకునేవాణ్ణి. లారీలో నేను నవ్వింది తక్కువ.

ఇంజను పనికి వచ్చేసరికి నా జీతం సరిపోలేదు. మా బాపు ఇళ్లు కట్టే సుతారి పని చేసి కొన్న మెట్టభూమి, చెలక, ఒకటి ఉండేది, మోత్కూరు వైపు పోయే రోడ్డు పక్కన. అమ్ముతానని నోరు తెరవగానే దశరథ్ వచ్చాడు. వాడిది సర్కారు నౌకరీ. "బయటోళ్లకెందుకన్నా? నాకియ్యి. భూమి ఇంట్లనే ఉంటది. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో," అన్నాడు. అన్నదమ్ముల మాట కదా, ధర కూడా వాడు చెప్పిందే తీసుకున్నాను. మెర్సీ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు, "అమ్మినవు గద, ఇగ రంగన్న నేను చెప్పిందెయ్యి," అంది. పాలమీగడ రంగు వేశాం.

ఊరు మాత్రం 'భూమి అమ్మి డబ్బా కొన్నడు' అంది. ఆ మాట పుట్టించింది దశరథే. అననీ. ఇంజను మొదటిసారి స్టార్టయినప్పుడు ఫక్రుద్దీన్ సుత్తె పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నమాజులో నిలబడ్డట్టు. నేనూ మెర్సీ ముందు, ఫక్రుద్దీన్, వాళ్లావిడ తాహేరా వెనక కూర్చుని నకిరేకల్ దాకా పోయి మిర్చి బజ్జీలు తిని వచ్చాం. పెద్ద పెద్ద కార్లవాళ్లు పక్కకు వచ్చి అద్దాలు దింపి చూశారు. నా బతుకులో నన్ను దాటిపోయే కారు నెమ్మది చేసి చూడటం అదే మొదలు.

పోయిన మే నెలలో దశరథ్ కొడుకు విజేందర్ పెళ్లి. ఇప్పుడు పాత బండ్లలో బరాత్ ఊరేగింపు తీయడం ఫ్యాషనట. పిల్లవాడు పెదనాయిన పద్మినే కావాలన్నాడు. డబ్బా అన్న నోటితోనే దశరథ్ వచ్చి అడిగాడు. ఇవ్వనని అనలేను, కొడుకు వరస. ఇచ్చాను, కానీ నేనే నడుపుతానన్నాను. ఆ బండి ఫ్యాను ఇంజనుతో పాటే తిరుగుతుంది. ఆడేవాళ్ల వెనక నత్తలా పోతే గాలి తగలదు, ఇంజను కాగిపోతుంది. మధ్యమధ్య ఆర్పి చల్లారనివ్వాలి. అది నాకు తెలుసు.

బరాత్ బయలుదేరే ముందు నేను స్టీరింగు పట్టుకుని కూర్చుంటే దశరథ్ డోరు తీశాడు.

"దిగన్నా. నువ్వు పిలగాని పెదనాయినవు. డ్రైవరు లెక్క కూసుంటే ఆడపిల్లోళ్లు ఏమనుకుంటరు?"

"డ్రైవర్నే కదరా నేను."

"గియాల్ల కాదన్నా. గీ కండువా కప్పుకొని ముంగట నడువు."

వాడి ఆఫీసు జీపు నడిపే డేవిడ్‌ను ఎక్కించాడు. డేవిడ్‌కు, దశరథ్‌కు ఇద్దరికీ చెప్పాను: వేడి చూపే సూది ఎర్రగీత దగ్గరికి పోతే ఇంజను ఆర్పండి, మూత తీయకండి, నీళ్లు పోయకండి, కాగిన ఇనుము పగులుతుంది.

"గంతే కద," అన్నాడు దశరథ్.

పట్టు కండువా వేసుకుని, మర్యాద గల పెద్దమనిషిలా ముందు నడిచాను. ఎండ ఇంకా దిగలేదు. నిద్రలో కూడా నా బండి చప్పుడు గుర్తుపట్టే నాకు ఆ డీజేలో ఏమీ వినబడలేదు. వెనక జనం ఈలలు వేస్తుంటే తిరిగి చూశాను. బానెట్ మీద తెల్లగా ఆవిరి లేస్తోంది. పొగ మిషను పెట్టారనుకుని పిల్లలు దాని ముందు ఆడుతున్నారు.

జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను. బానెట్ లేపి ఉంది. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. సోడా సీసాలు చల్లబరిచే డ్రమ్ములోంచి ఐసు నీళ్లు బకెట్టుతో ముంచి, దశరథ్ తన చేతులతోనే రేడియేటరులో పోస్తున్నాడు.

"పొయ్యకురా," అని అరిచాను. డీజే మింగేసింది.

నా చెయ్యి బండి మీద పడింది. చెవికి వినబడనిది చేతికి తెలిసింది. లోపల ఇనుము విచ్చుకుంది.

"ఆర్పుదామని నేనన్న ఏసోబన్నా," అన్నాడు డేవిడ్, నా మొఖం చూడలేక. "బరాత్ ఆగితే ఇజ్జత్ పోతదన్నడు సారు."

బరాత్ ఆగలేదు. పదిమంది బండిని తోశారు. లోపల పెళ్లికొడుకు చేతులు ఊపుతూనే ఉన్నాడు. నేను అన్నం తినకుండా వచ్చేశాను. పెళ్లిలో అలిగాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

మరునాడు ఫక్రుద్దీన్ ఇంజనులోంచి నూనె కొలిచే పుల్ల తీస్తే, దాని మీద నూనె పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. నీళ్లు కలిశాయి. ఇంజను బ్లాకు పగిలింది.

"వెల్డింగు పెడితే?"

"పెడతా భాయ్. మళ్లా కాగంగనే మళ్లా విచ్చుకుంటది. గీ బ్లాకు ఇప్పుడు ఎవడు తయారుచేస్తున్నడు?" అని పుల్లను గుడ్డతో తుడిచి మళ్లీ అదే చోట పెట్టాడు.

పెళ్లి సందడి తగ్గాక దశరథ్ షెడ్డుకు వచ్చాడు, కొత్త కారులో, ఏసీ ఆపకుండా.

"ఇంకా గదే మొఖమా అన్నా? పాత డబ్బ కోసం అన్నదమ్ములు మాట్లాడుడు బంద్ చేస్తరా?"

నేను బానెట్ తుడుస్తూనే ఉన్నాను.

"ఎంతైతదో చెప్పు, ఇచ్చేస్త. ఫక్రుద్దీన్ భాయే సాక్షి."

"ఇస్తవా?"

"ఇస్తనంటున్న గద."

"నా చెలక నాకియ్యి."

నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు. "గది ఇప్పుడు చెలకెక్కడిదన్నా, ప్లాట్లు చేసినం. జనం బయానా పైసలు కూడ ఇచ్చిండ్రు."

"ఇంట్లనే ఉంటదంటివి."

"అప్పటి రేటు అప్పుడిచ్చిన."

"ఇచ్చినవ్. గదంత గీ బండిల పెట్టిన. బండిని నువ్వే పలగ్గొట్టినవ్. ఇగ చెప్పు, నా బాపు కష్టం యాడుందిరా?"

ఫక్రుద్దీన్ సుత్తె చప్పుడు ఆగింది. దశరథ్ కారు ఎక్కి, "నీతోని మాట్లాడుడే దండుగ," అని అద్దం ఎక్కించుకున్నాడు. అదే రోడ్డున, తెల్లరాళ్లు పాతిన నా చెలక వైపే పోయాడు.

బండి షెడ్డులోనే ఉంది. ఆదివారం కడుగుతాను, తుడుస్తాను. హైవేలో పోయేవాళ్లు ఆగి, బాగుంది, ఎంతకిస్తావని అడుగుతారు. అమ్మనని చెబుతాను. అయినా దాని ఖరీదెంతో చెప్పమంటే చెబుతాను. మోత్కూరు రోడ్డు పక్కన పదహారు గుంటలు. ఇప్పటి లెక్కలో, దశరథ్ అమ్ముకుంటున్న లెక్కలో, పందొమ్మిది వందల ముప్పై ఆరు గజాలు.