పొయ్యి పక్కన డొల్ల టైలు

నేను ఒక వంటింటి గోడ టైలును. మీగడ రంగు ఒళ్ళు, మధ్యలో ఊదారంగు ద్రాక్షగుత్తి, చుట్టూ సన్నటి బంగారు గీత. అందంగా ఉంటానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. అయితే నా వెనక కుడివైపున అరచేతి మేర సిమెంటు లేదు. తట్టి చూస్తే డొల్లగా మోగుతాను. ఎనిమిది నెలలపాటు ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు.

నేను పుట్టింది గుజరాత్‌లో. మట్టిని మెత్తగా నూరి, అచ్చులో నొక్కి, రంగులద్ది బట్టీలోకి తోశారు. ఆ వేడి సంగతి తలుచుకోను. ఆరేసి చొప్పున అట్టపెట్టెల్లో సర్ది లారీ ఎక్కించారు. పెట్టెలో ఒకరి వీపు ఒకరికి ఆనించుకుని అంత దూరం వచ్చాం. ఆ ఇరుకే సుఖమని అప్పుడు తెలియలేదు.

చీరాలలో టైల్స్ దుకాణంలో నన్ను అద్దాల బీరువా పక్కన నిలబెట్టారు. మనుషుల్ని అక్కడ చూశాను. భార్యాభర్తలు వస్తారు. ఆమెకు ద్రాక్షపళ్ళు, ఆయనకు కాఫీ కప్పులు కావాలి. గంటసేపు వాదించుకుని, ఇద్దరికీ నచ్చనిది ఏదో తీసుకుని వెళ్తారు. ఒకరోజు హైమవతి ఒక్కతే వచ్చింది. యాభై దాటిన మనిషి, కోర్టులో నకళ్ళ సెక్షన్‌లో ఉద్యోగం. నన్ను చేతిలోకి తీసుకుని, "ఇది బాగుంది," అంది. "సారుని కూడా తీసుకొచ్చి చూపించండి మేడమ్," అన్నాడు దుకాణం అతను. "సారు లేరు. నాకు నచ్చింది, చాలు," అందామె. పది నిమిషాల్లో బేరం ముగిసింది. వాదించడానికి ఎవరూ లేకపోతే పనులు ఎంత త్వరగా తెములుతాయో!

ఆమె ఫ్లాట్‌లో వంటింటి గోడ చెమ్మ పట్టి పొరలు పొరలుగా రాలుతోంది. పోపు చిటపటలన్నీ పన్నెండేళ్ళుగా ఆ గోడమీదే ఉన్నాయి. పని ప్రభుదాసు అనే కాంట్రాక్టరుకు ఒప్పజెప్పింది. అతను మీరావలి మేస్త్రిని పంపాడు. అరవై ఏళ్ళ మనిషి, నెరిసిన గడ్డం, చేతిలో తాపీ, సంచిలో రసమట్టం. పాత గోడను గీకి, మమ్మల్ని బకెట్ నీళ్ళలో నానబెట్టి, మొదటి రోజు సాయంత్రానికి కింది వరస పూర్తిచేశాడు. వరస చూస్తే దారం పట్టినట్టు ఉంది.

మర్నాడు ఆదివారం. హైమవతి ఇంట్లోనే ఉంది. గట్టుమీది దుమ్ము తుడుస్తుంటే చేతిగాజు రెండు టైల్స్‌కు తగిలింది. ఒకటి గట్టిగా పలికింది, రెండోది ఖాళీ డబ్బాలా పలికింది.

"మేస్త్రిగారూ, ఇదేమిటి ఇంకోలా మోగుతోంది?"

మీరావలి అటు తిరిగి సిమెంటు కలుపుతున్నాడు. పలకలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి కూడా పలక్కపోయేసరికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆమె మొహం చూడగానే అతని చేతిలో తాపీ ఆగిపోయింది.

"అమ్మా, ప్రభుదాసుగారికి చెప్పమాకండి," అన్నాడు. "నాకు చెవులు ఇనపడవు. మాటయితే మూతి చూసి పట్టుకుంటా. టైలు చప్పుడే అందటల్లేదు. మూడేళ్ళుగా మా ఆవిడ మస్తాన్‌బీ పక్కన కూచుని ఇనేది. నేను తాపీ పిడితో తట్టేవాణ్ణి. బాగుంటే తలూపేది, డొల్లయితే అడ్డంగా ఊపేది. పోయిన చలికాలం అది కూడా పోయింది."

హైమవతి చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"ఇప్పటికి రెండిళ్ళల్లో టైల్స్ ఊడిపడినయ్యమ్మా. ఇంకొక్కటి డొల్ల తేలిందంటే పనికి పిలవనన్నాడు ప్రభుదాసు. సాయంత్రం నాలుగింటికి చూడ్డానికొస్తాడు. ఈ పని తప్ప నాకింకేం చేతగాదు."

ఆమె గబగబా హాల్లోకి వెళ్ళింది. ఫోన్ చేస్తుందేమోనని అతని పైప్రాణం పైనే పోయింది. వచ్చేటప్పుడు చేతిలో పీట ఉంది. దాన్ని గోడపక్కన వేసుకుని, అతనికి కనబడేలా కూచుని, "తట్టండి. నేను వింటాను," అంది.

ఆ రోజంతా ఆ వంటింట్లో జరిగింది అదే. కింది వరసలో నాలుగు డొల్లలు తేలాయి. వాటిని ఊడబెరికి కొత్తవి వేశాడు. తరవాత ఒక్కో టైలూ అంటించడం, తాపీ పిడితో తట్టడం, ఆమె మొహంలోకి చూడడం. ఆమె తల ఊపేదాకా చూపు తిప్పేవాడు కాదు. కోర్టులో ఆమె ఇచ్చే నకళ్ళ కోసం రోజూ ఎంతోమంది ఎదురుచూస్తారు, కాగితం అందగానే వెళ్ళిపోతారు. ఆమె మొహం కోసం ఎదురుచూసినవాళ్ళు లేరు. మధ్యాహ్నానికి ఆమె మొహంలో వెలుగొచ్చింది. అన్నాలప్పుడు అతని డబ్బాలోకి దోసకాయ పప్పు వేసింది. అతను చెవిటివాళ్ళ అలవాటుకొద్దీ గోడలదిరేలా, "ఉప్పు చాల్లేదమ్మా!" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ వంటకు ఎవరో ఒకరు వంక పెట్టి ఎన్నాళ్ళయిందో.

ఇక నా వంతు. అన్నిటికన్నా చివర మిగిలినవాణ్ణి, పొయ్యి పక్కన, స్విచ్‌బోర్డు కింద. నాలుగు కావస్తోంది. తట్టలో సిమెంటు అడుగంటింది. మీరావలి ఉన్నదంతా ఊడ్చి నా వీపుకు రాసి గోడకు నొక్కాడు. ఎడమవైపు నిండుగా పట్టింది, కుడివైపు అందలేదు. అతను తట్టాడు. నేను డొల్లగా మోగాను.

హైమవతి తల అడ్డంగా ఊపబోయింది. అప్పుడే వీధి గుమ్మంలో ప్రభుదాసు చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆమెకు వినిపించింది గానీ మీరావలికి కాదు. అతను ఆశగా ఆమెనే చూస్తున్నాడు. హైమవతి నిలువుగా తల ఊపింది. అతను హమ్మయ్యనుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ప్రభుదాసు తాళంచెవితో ఒక్కో టైలూ కొడుతూ వస్తున్నాడు. నా దగ్గరికి చేరేలోపు హైమవతి హాల్లోంచి అన్నపూర్ణాదేవి పటం తెచ్చి గట్టుమీద సరిగ్గా నాకు అడ్డంగా నిలబెట్టింది. గబగబా కుంకుమ బొట్టు పెట్టి, "కొత్త వంటిల్లు కదండీ. ఇంకా పాలు పొంగించలేదు. అంతవరకూ పటం కదపకూడదు," అంది.

"అయ్యో, నేను ముట్టుకోనులెండి మేడమ్," అని వెనక్కి తగ్గాడు ప్రభుదాసు. మీరావలి భుజం తట్టి, "శుభ్రంగా చేశావయ్యా," అన్నాడు. ఆ మాట మీరావలి చూసి పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు హైమవతికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆమె తలొంచుకుంది.

మర్నాడు పాలు పొంగాయి. పటం మాత్రం కదల్లేదు. ఎనిమిది నెలలు ఆ అట్ట వెనక చీకట్లో ఉన్నాను. ఇంత అందగాళ్ళం బారులు తీరిన గోడమీద నాకొక్కడికే వెలుతురు లేదు. ఉదయం కుక్కరు ఒక్క కూత వేసేది, ఒక్క కంచం చప్పుడయ్యేది. మా మధ్య వైట్ సిమెంటు గీతలు వచ్చాక పక్క టైలు కూడా పరాయిదే అయిపోయింది. ఒక్కోసారి ఆమె పటం పక్కకు జరిపి, గోటితో నన్ను మెల్లగా తట్టి, నా చప్పుడు విని మళ్ళీ మూసేసేది. మేస్త్రిని పిలిచి నన్ను సరిచేయించడం ఎంతసేపు? కానీ పిలవాలంటే ప్రభుదాసుకు చెప్పాలి. చెబితే మీరావలి పని పోతుంది. మరో మనిషి అడుగు ఆ వంటింట్లో పడడానికి ఉన్నది ఆ ఒక్క దారే. ఆ దారిని ఆమే మూసి పెట్టుకుంది.

నిన్న పొయ్యి మీద చిమ్నీ బిగించడానికి ప్రభుదాసే వచ్చాడు. డ్రిల్లు దుమ్ము పడుతుందని హైమవతి పటం తీసింది. పని అయ్యాక అతను అలవాటు కొద్దీ నన్ను తట్టాడు. మళ్ళీ తట్టాడు.

"ఇది డొల్ల మేడమ్. మీరావలి వేసిందేనా?" అంటూ జేబులోంచి ఫోన్ తీశాడు.

"కాదండీ," అంది హైమవతి. "ఆయన వేసింది గిన్నె తగిలి పగిలింది. పెట్టెలో మిగిలింది తీసి నేనే అంటించాను."

కోర్టులో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి అంత తడుముకోకుండా అబద్ధమాడుతుందని నేననుకోలేదు. ప్రభుదాసు విరగబడి నవ్వాడు. "మీరేనా అంటించింది! అదీ సంగతి. ఆఫీసు ఫైలుకి కాగితం అంటించినట్టు అంటించారండీ!" తరవాత అన్నాడు, "మీరావలి ఇప్పుడు డొల్లలు వెయ్యట్లా. కొత్త పద్ధతి పెట్టాడు. ఇంటావిణ్ణి పక్కన కూచోబెట్టుకుని, మీరే ఇని చెప్పండమ్మా అంటాడు. జనానికి తెగ నచ్చింది. ఎవర్నడిగినా ఆయన్నే పంపమంటన్నారు."

సంతోషించాల్సిన మాటే. హైమవతి సంతోషించింది కూడా. కానీ ఎన్నో ఇళ్ళల్లో ఎందరో ఆడవాళ్ళు పీట వేసుకుని కూచుని తల ఊపుతున్నారన్నమాట! అది ఆమెకు కొంచెం కష్టంగా తోచింది. గట్టుమీది దుమ్మును అవసరానికి మించి తుడిచింది.

"ఆయన్ని పంపమంటారా? ఒక్క టైలు. అరగంట పని," అన్నాడు ప్రభుదాసు వైరు చుట్టుకుంటూ.

వైరంతా చుట్టడం అయ్యాక, "పంపండి," అంది.

మీరావలి నన్ను చూస్తే ఇట్టే పోల్చుకుంటాడు. తన చేతి పని తనకు తెలియదా? అందుకే రాత్రి వంట చేస్తూ, "మేస్త్రిగారూ, ఆ రోజు నేను తప్పు చెప్పాను," అని నాతోనే రెండు మూడు విధాలుగా అని చూసుకుంది. మూతి చూసి పట్టుకునే మనిషి కదా, ఒక్కో మాటా నిదానంగా పలికింది.

నా ఎడమవైపు సిమెంటు గట్టిది. ఉలి పెడితే ముక్కలవుతాను, సిమెంటు సంచిలో కింద చెత్తకుప్పకు చేరుతాను. నాకు బాధ లేదని చెప్పను. అయితే నన్ను ఊడబెరికితేనే ఆ ఇంట్లో ఇంకొకరు కూచునేది.

బుధవారం పొద్దున పదింటికి వస్తానని మీరావలి కబురంపాడు. అరగంట పనికి హైమవతి ఆఫీసులో రోజంతా సెలవు పెట్టింది.