అడ్డకర్ర

పొద్దున్నే అమ్మ కుట్టుమిషను పక్కనపెట్టి కూతురికి జడ వేస్తుంది. నూనె పెట్టి, జుట్టు నెత్తికి అంటుకుపోయేలా దువ్వుతుంది. వెంట్రుకంత ఎత్తు పెరిగినా ముప్పే.

దేవుడి తరఫున ఊరిని ఏలేవాళ్లు ఎదిగిన ఆడపిల్లలకు చదువు పాపమన్నారు. వయసు తేల్చే కాగితాల్ని పుస్తకాలతోపాటు వాళ్లే తగలబెట్టుకున్నారు. అందుకని బడి గేటుకు అడ్డకర్ర బిగించారు. తల తగిలితే ఇంటికి, తగలకపోతే లోపలికి. ఆ కర్రను చేత్తో ముట్టుకుంటే మహాపాపమని కూడా రాసిపెట్టారు.

చేసింది అమ్మ తమ్ముడే, వడ్రంగి. కొత్త చెక్క ఇవ్వలేదు, ఆడపిల్లల బెంచీలు విరగ్గొట్టి ఇచ్చారు.

"ఇంకో రెండు వేళ్లు పైకి పెట్టకపోయావా మావయ్యా?"

"పక్కనే గజంబద్దగాడు నిలబడ్డాడు కదే!"

గజంబద్ద అంటే గేటు కాపలావాడు. పేరు ఆడవాళ్లు పెట్టిందే.

"అన్నం తగ్గించవే, పొడుగవ్వవు," అంది నాయనమ్మ.

"నువ్వు తగ్గించలేదుగా, అయినా ఇంతే ఉన్నావు!"

ఆ రోజు అమ్మ గేటుదాకా వెళ్లింది. తనని పదేళ్లకే బడి మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడు కూతురికీ అంతేనా అనుకుంది. పిల్ల కర్ర కిందికి నడిచింది. తగల్లేదు.

"రెండు వేళ్లు ఎత్తు పెరిగినట్టుందే కర్ర," అంది పాలావిడ.

"ఆడపిల్లలు కూర్చున్న చెక్క. వాళ్లతోపాటే పెరుగుతుంది," అన్నాడు వడ్రంగి. ఎవరి పనికి వాళ్లు పోయారు. గజంబద్ద రోజూలాగే 'శాసనం అమలైంది' అని రాసుకున్నాడు.

మూడేళ్లు గడిచాయి. కూతురు అమ్మంత అయింది. ఒకరోజు టిఫిన్ డబ్బా మరిచిపోతే అమ్మ పట్టుకెళ్లింది.

"ఊఁ, లోపలికి నడు," అన్నాడు గజంబద్ద.

"నేను డబ్బా ఇచ్చి పోదామనండీ..."

"తల తగిలిందా?"

"లేదు."

"తగలకపోతే లోపలికే. శాసనం నేను రాశానా?"

అమ్మ తలెత్తి చూసింది. తన నెత్తికీ కర్రకీ మధ్య జానెడు ఖాళీ. మిషను మీద సగం కుట్టిన చొక్కా గుర్తొచ్చింది. ఉండనీ, ఎక్కడికి పోతుంది! కొంగు నడుముకు చుట్టి లోపలికి నడిచింది.

"కాస్త జరగవే," అంది కూతురితో, బెంచీ చివర కూర్చుంటూ.

మర్నాడు పొద్దున కూతురు అమ్మకు జడ వేసింది. నెత్తిమీద ఎత్తుగా, చుట్టలుచుట్టి, బోలెడు పిన్నులు గుచ్చి.