అంచులో తప్పిన పోగులు

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోటే నేతగాడి పనితనం తెలిసిపోతుంది. మగ్గం మీద తిమ్మప్ప కూర్చుంటే, పక్కన పీట మీద కూర్చుని ఒకవైపు అంచుకు పట్టుపోగు నడిపే నాడె అందించేది అతని పెళ్లాం భూలక్ష్మి. ఏళ్ల తరబడి వాళ్ల చీరకు వంక పెట్టినవాళ్లు లేరు.

తొంభై రెండులో వంకలు మొదలయ్యాయి. చీర నడుమ నిక్షేపంగా ఉండేది. రెండు అంచుల దగ్గరా పోగులు తప్పేవి. తప్పంతా భూలక్ష్మిదేనని తిమ్మప్ప తేల్చేశాడు. తాను నేసే రెండో అంచు చెడినా ఆమెదే తప్పు! మొగుడన్నవాడికి ఆ మాత్రం సౌకర్యం ఉంటుంది మరి.

"కండ్లు యాడ బెట్టుకొని కూసుంటున్నవే?"

"మంచిగనే చూస్తున్న గదా."

"రేపటి సంది మా తమ్ముని పెండ్లాం కూసుంటది. నువ్వు కండెలు చుట్టుకో."

భూలక్ష్మి కుమిలిపోయింది. వీధిలో ఆమెకున్న పేరంతా ఆ పీట వల్ల వచ్చిందే. తోటికోడలు కూర్చున్నా పోగులు తప్పాయి. "దానికి నేర్పింది నువ్వే గదా," అన్నాడు తిమ్మప్ప.

ఆ సరికే అతని చేతులు లావెక్కాయి. ఉంగరాన్ని కంసాలి కోసి తీశాడు. దవడ ముందుకొచ్చింది. "నలభై ఏండ్లకు ఎదుగుతున్నవేందన్నా!" అని వీధిలో నవ్వారు. తలనొప్పి మాత్రం నవ్వులాటగా లేదు. మొగుడూ పెళ్లాలు హైదరాబాదు వెళ్లారు.

డాక్టరు ఎదురుగా కూర్చుని, తన ముక్కు వైపే చూడమని, రెండు పక్కలా వేళ్లు ఆడించాడు.

"ఎన్ని వేళ్లు?"

"ఏం వేళ్లు సార్?"

వెనక నిలబడ్డ భూలక్ష్మికి వేళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

స్కాను తీశాక డాక్టరు విడమరిచి చెప్పాడు. మెదడు అడుగున చిన్న గ్రంథి ఉంటుంది. మనిషిని పెంచే హార్మోను ఊరేది అక్కడే. దానిలో గడ్డ లేచి, హార్మోను మితిమీరి ఊరుతోంది. చేతులు, దవడ పెరగడం అందుకే. ఆ గడ్డే కంటి నరాలను నొక్కుతోంది. అందుకే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు కనిపించవు.

"అయితే తప్పు నాది గాదు!" భూలక్ష్మి గట్టిగా అనేసింది. ఎన్నాళ్లకో ఆమె ముఖం వెలిగింది. డాక్టరు వింతగా చూశాడు.

తిమ్మప్ప తల వంచుకున్నాడు. "నీది గాదు."

అప్పుడు గాని ఆమెకు డాక్టరు చెప్పింది బుర్రకెక్కలేదు. సంతోషం చప్పున ఆరిపోయింది.

"బతుకుతడా సార్?" అంది.